పొయ్యి వెలిగినోళ్ల ఊరు

పోయిన వారం మణెమ్మను అన్నం గిన్నె ముందు వదిలి వచ్చాం. కొడుకు అక్షయ్ సగం తిన్న కంచంలోనే చేయి కడిగేసి, "నీకు కిరాయోళ్లే ఎక్కువైన్రు, కొడుకు కాదు" అని గడప దాటిపోయాడు. పోయినవాడు తెల్లారినా ఇంటికి రాలేదు. అంతకు కాసేపటి ముందే ఆమె మరిది రఘునందన్ వాకిట్లో నిలబడి, కారు తాళంచెవి వేలికి తిప్పుకుంటూ తన మాట తాను చెప్పి వెళ్లాడు.

"బొడ్రాయి పండుగ ఒడిసేసరికి దుకాన్ల లైన్ ఉండది వదినా. నువ్ ఒప్పుకుంటే సంబురం. ఒప్పుకోకున్న గంతే."

మధ్యలో వచ్చి కూర్చున్నవారికి ఆ లైన్ గురించి కాస్త చెప్పాలి. ఇబ్రహీంపట్నం పాత ఊళ్లో పెంకుల కప్పుతో ఒక వరస ఉంది. ముందు దుకాణం, వెనక కాపురం. మణెమ్మ మామగారు కట్టించింది. కొడుకులిద్దరికీ ఉమ్మడి ఆస్తి. పెద్దాయన, అంటే మణెమ్మ పెనిమిటి, పోయాడు. ఆయన పాలు మణెమ్మది. తన పాలుతో పాటు వదిన పాలు కూడా ఒక బిల్డర్ చేతిలో పెట్టాలని రఘునందన్ చెప్పులరిగేలా తిరుగుతున్నాడు.

తిరగడా మరి! కొంగరకలాన్‌కు కలెక్టరాఫీసు వచ్చింది, ఫ్యాక్టరీ వచ్చింది. జొన్న చేలన్నీ ప్లాట్లయ్యాయి. పాత ఊరి పక్కనే ఫ్లాట్లు లేచాయి. ఫ్లాట్లలోకి వచ్చినవాళ్లకు పిండి గిర్ని చప్పుడు పడలేదు, గిర్ని పోయింది. మటన్ కొట్టు వాసన పడలేదు, కొట్టు పోయింది. గిర్ని ఉన్న చోట ఇప్పుడు అద్దాల గదిలో కాఫీ అమ్ముతున్నారు, ఆ కాఫీ తాగేంత ధైర్యం పాత ఊళ్లో ఇంకా ఎవరికీ రాలేదు. అద్దెలు కట్టలేనివాళ్లు ఒక్కొక్కరే సామాన్లు ఆటోల్లో వేసుకుని ఇంకా లోపలి ఊళ్లకు జరిగిపోయారు. ఎటు పోయారో అడిగినవాళ్లు కూడా లేరు. మిగిలింది ఈ లైన్ ఒక్కటే. దాని స్థానంలో కట్టబోయే మేడల బొమ్మ మీద ఇబ్రహీంపట్నం పేరే లేదు. ఏదో లేక్ అవెన్యూ అట. అక్కడి నుంచి మెడ ఎంత సాచినా చెరువు కనబడదు. ఆ సంగతి బొమ్మ గీసినవాడికి తెలియదు.

గోడలు నిలబడి ఉన్నంత వరకే మణెమ్మ మాటకు బలం. గోడలు పడితే కిరాయిదార్లు చెల్లాచెదురవుతారు. ఆ తర్వాత ఖాళీ జాగా మీద ఒంటరి ఆడమనిషి కోర్టుల చుట్టూ ఎంతకాలం తిరుగుతుంది? రఘునందన్ ధీమా ఇదే. ఆ ధీమా తప్పని చెప్పడానికి మణెమ్మకు కూడా నోరు రాలేదు. ఆమె భయం కూడా అదే మరి.

ఇక బొడ్రాయి. ఊరు పుట్టిన నాడు నడిమధ్యన పాతిన రాయి. సీసీ రోడ్డు మీద సీసీ రోడ్డు పోసుకుంటూ పోయేసరికి పాపం రాయి మెడదాకా మునిగిపోయింది. దాన్ని పైకెత్తి మళ్లీ నిలబెట్టాలని ఊరు అనుకుంది. బిల్డర్‌కు సంగతి తెలిసి, పండుగ ఖర్చంతా నాదేనన్నాడు. ఊరిని మంచి చేసుకోవచ్చని ఆశ. గల్లీ గల్లీకీ ఫ్లెక్సీలు కట్టించాడు. వాటిలో బొడ్రాయి చిన్నది, ఆయన పెద్ద. రోడ్డు పగలగొట్టడానికి ఒక జేసీబీని కూడా పంపించాడు. రాయి లేచింది. మురిసిపోయిన ఆడవాళ్లు ఆ పసుపుపచ్చ బండి బకెట్‌కు కుంకుమ బొట్టు పెట్టి, బంతిపూల దండ వేశారు. పని అయిపోయాక బండిని లైన్ వెనక ఖాళీ జాగాలో నిలిపి, తాడుపత్రి పట్టా కప్పి, దాని డ్రైవర్ తన ఊరికి వెళ్లిపోయాడు.

రాయి నిలబెట్టిన మర్నాడు పొలిమేర కడతారు. గ్రామదేవతల పూజారి బైండ్ల నాగయ్య డప్పుల వెంట పాత ఊరి హద్దంతా తిరుగుతూ పొలి బియ్యం చల్లుతాడు. లోపలికి వచ్చే ప్రతి గల్లీకీ అడ్డంగా వేపాకు తాడు కడతారు. తాడు కట్టాక పొద్దుగూకేదాకా లోపలివాళ్లు బయటికి పోరు, బయటివాళ్లు లోపలికి రారు. అవతల పెద్ద రోడ్డు మీద బస్సులు వాటి దారిన అవి పోతాయి, వాటితో ఎవరికీ పేచీ లేదు. తాడు దాటి లోపలికి రావడం మాత్రం కుదరదు.

ఆ పొలి బియ్యం కోసమే పొద్దున్నే నాగయ్య గంప నెత్తిన పెట్టుకుని బయల్దేరాడు. ఊళ్లో పొయ్యి వెలిగే ప్రతి ఇంటి నుంచీ దోసెడు బియ్యం పడాలి. ఇంటి పెద్దకోడళ్ల వరసలో మణెమ్మ కూడా పసుపు నీళ్ల చెంబుతో గంప వెంట నడిచింది. కళ్లు మాత్రం గల్లీ మలుపుల్లో కొడుకు కోసం వెతుకుతున్నాయి.

లైన్‌లో మొదటిది వీరరాఘవులు టిఫిన్ సెంటర్. పాలకొల్లు దగ్గరి పల్లె నుంచి భార్య వసంతలక్ష్మిని వెంటబెట్టుకుని వచ్చి, ఇక్కడే ఇడ్లీ పాత్ర ఎక్కించి, ఇక్కడే తల నెరిసినవాడు. కొత్త ఫ్లాట్లవాళ్లు ఆయన పొగ మీద ఫిర్యాదు చేస్తారు, ఆయన దోసెలు మాత్రం పార్సిల్ తెప్పించుకుంటారు. నాగయ్య ఆ గుమ్మం ముందు ఆగలేదు. గంప పక్కింటికి జరిగింది. లోపల వసంతలక్ష్మి బియ్యం చేటతో నిలబడి ఉండడం మణెమ్మ చూసింది.

"నాగన్నా, ఆగు. గీ ఇల్లు ఇడిశిపెట్టినవ్."

నాగయ్య ఇబ్బందిగా తల గోక్కున్నాడు. "ఆంధ్రోళ్లు గదా పటేలమ్మా. పైంగ కిరాయికుండేటోళ్లు. తీసుకుంటే ఊరు ఏమంటదోనని..."

"అడుగుతారో లేదో అని నేనూ ఆగిపోయానండి," అంది వసంతలక్ష్మి గుమ్మంలోంచి. చేట వెనక్కి తీసుకోబోయింది. "పర్లేదులెండి వదినగారూ, పండగపూట మాటెందుకు."

మణెమ్మకు సర్రున మండింది. "ఏం పర్లేదు? నీ పొయ్యి వెలిగినంకనే గదా ఈ ఊరు లేస్తది! నాగన్నా, పొయ్యి ఉన్న ఇంట్ల బియ్యం తెమ్మన్నరు. పుట్టిన ఊరు అడిగి తెమ్మన్నరా?"

వెనక ఉన్న పెద్దమనుషుల వైపు నాగయ్య చూశాడు. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వారిలో చాలామంది రోజూ ఆ టిఫిన్ సెంటర్ బల్ల మీదే పేపరు చదివేవాళ్లు. "అవ్, ఆమె అన్నది నిజమే. పొయ్యే లెక్క" అన్నాడు ఒకాయన. గంప కిందికి దిగింది. వసంతలక్ష్మి దోసిలి నిండా బియ్యం పోసింది. కళ్లు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేక భుజానికి మొహం రుద్దుకుంది.

లైన్ దాటాక రఘునందన్ ఇల్లు. అబ్దుల్లాపూర్‌మెట్ వైపు విల్లా కొనుక్కుని ఆయన వెళ్లిపోయిన నాటి నుంచి ఆ తలుపుకు తాళమే. నాగయ్య గొలుసు కొట్టాడు, పేరు పెట్టి పిలిచాడు, కాసేపు నిలబడి ముందుకు నడిచాడు. ఆ ఇంటి బియ్యం లేకుండానే పొలి కలిసింది, డప్పులు హద్దు తిరిగాయి, గల్లీలకు వేపాకు తాళ్లు పడ్డాయి.

మధ్యాహ్నానికి ఆడవాళ్లంతా బిందెలతో బొడ్రాయి చుట్టూ చేరారు. కొత్తగా నిలిపిన రాయికి నీళ్లు పోయాలి. పక్కన వంటల పొగ, మైకులో పాటలు. దుకాణాలన్నీ మూసి ఉన్నాయి, లైన్ దగ్గర మనిషి జాడ లేదు. నెత్తి మీద నిండు బిందెతో మణెమ్మ వరసలో నిలబడి ఉండగా, గాజుల దుకాణం అనంతమ్మ రొప్పుకుంటూ వచ్చింది.

"అక్కా! వెనక గల్లీల తాడు కాడికి ఇంకో జేసీబీ అచ్చింది. నీ మరిది ముందల నిలవడ్డడు. తాడు ఇప్పుమంటుండు!"

అప్పుడు తెలిసింది మణెమ్మకు, మరిది ఈ రోజునే ఎందుకు ఎంచుకున్నాడో. ఊరంతా రాయి దగ్గర ఉంటుంది. మైకు హోరులో గోడ పడ్డ చప్పుడు కూడా వినబడదు. అన్నాలు తిని వచ్చేసరికి మట్టి కుప్ప మిగులుతుంది. ఎంత తెలివి! బిందె దింపడం కూడా మరిచిపోయి వెనక గల్లీకి నడిచింది. ఆమె వెనక వసంతలక్ష్మి, అనంతమ్మ, వాళ్ల వెనక వరసలోని ఆడవాళ్లంతా కదిలారు.

తాడుకు అవతల రఘునందన్ తెల్ల చొక్కాలో మెరిసిపోతున్నాడు. పక్కన బిల్డర్ మనిషి శ్యామ్, వాళ్ల వెనక ఇంజను ఆపకుండా జేసీబీ. ఇవతల అప్పటికే వీరరాఘవులు, మరికొందరు మగవాళ్లు నిలబడి ఉన్నారు. ఎవరూ తాడు ముట్టుకోలేదు.

"అచ్చినవా వదినా? జర వీళ్లకు చెప్పు, తాడు ఇప్పుమను."

"పొద్దుగూకినంక ఇప్పుతరు."

"అది బయటోళ్లకు. నేను ఊరోన్ని."

"ఊరోనివైతే నీ బియ్యం ఏడున్నయ్ రఘూ?"

రఘునందన్‌కు అర్థం కాలేదు. నిజానికి ఆయనకు ఈ కట్టడి సరిగా గుర్తు కూడా లేదు. పోయినసారి బొడ్రాయి పండుగ జరిగినప్పుడు తండ్రి భుజాల మీద ఊరేగిన పిల్లవాడు. ఆ రోజు తిన్న మటన్ ముక్క గుర్తుంది, మిగతాది గుర్తుంచుకోవలసిన అవసరం ఎన్నడూ రాలేదు.

"పొద్దుగాల నాగన్న నీ ఇంటి ముందల నిలవడి పిలిచిండు," అంది మణెమ్మ. "తాళం పలికింది. నీ పొయ్యిల నుంచి గింజ పడలే. గింజ పడనోడు ఇయ్యాల బయటోడే."

"నా బొడ్డు ఈన్నే కోసిన్రు! నా అయ్య, నా తాత ఈ ఊళ్లెనే..."

"కాదన్ననా? పుట్టినవ్, పెరిగినవ్. కానీ పొయ్యి ఆర్పుకోని పోయింది నువ్వే. మేం ఎళ్లగొట్టలే."

రఘునందన్ కళ్లు జనంలో వెతికి వీరరాఘవులు మీద ఆగాయి. మరిది మొహం జేవురించింది. "ఏం రాఘవులూ! నేను బయట, నువ్ లోపట? నా దుకాన్ల కిరాయికుండేటోనివి, నువ్వా ఊరోనివి?"

వీరరాఘవులు జన్మలో ఎవరికీ ఎదురు చెప్పి ఎరగడు. చట్నీ తక్కువైందని కసిరిన పిల్లలకు కూడా సారీ చెప్పే రకం. ఈసారీ గొంతు పెంచలేదు.

"నాకేం తెలుసండి? బియ్యం అడిగారు, ఇచ్చాం."

జనం ఘొల్లుమన్నారు. నవ్వుల మధ్య ఆయన నెమ్మదిగా ముందుకు వచ్చి వేపాకు తాడును రెండు చేతులా పట్టుకున్నాడు. పట్టుకున్నవాడు ఇక వదల్లేదు. మణెమ్మకు ఆ మనిషిని చూసి గర్వం ముంచుకొచ్చింది. ఇన్నేళ్లూ ఈ గోడల కోసం కొట్లాడుతున్నది తానొక్కతేనని అనుకుంది. ఈ క్షణాన కాదని తెలిసింది.

శ్యామ్ గొంతు సవరించుకున్నాడు. కుర్రవాడు మర్యాదస్తుడే, జీతం కొద్దీ మాట్లాడతాడు. "అమ్మా, ఈ పండగ మొత్తం మా సార్ స్పాన్సర్ చేశారండి. మీరు కూడా కొంచెం కోఆపరేట్ చేయాలి కదా."

"మీ సారు పుణ్యాత్ముడు బిడ్డా. పండుగ చేయించిండు. పండుగంటే ఏందో అడిగితే బాగుండు."

మళ్లీ నవ్వులు. రఘునందన్ వెనక్కి తిరిగి జేసీబీ డ్రైవర్‌ను కేకేశాడు. "ఎల్లేశ్, నువ్ తోలు. తాడే గదా, గోడ కాదు!"

ఎల్లేశ్ ఇంజను ఆపేశాడు. కిందికి దిగి, తలకు చుట్టిన తువ్వాలు విప్పి భుజాన వేసుకున్నాడు. "మా ఊళ్లె గూడ బొడ్రాయి ఉన్నదన్నా. కట్టిన తాడు నేను తెంప. తోలేటోడుంటే తోలుకోన్రి." అని పక్కనున్న గట్టు మీద కూర్చుని, తనకేమీ సంబంధం లేనట్టు బీడీ వెలిగించాడు.

"పోలీసులను పిలుస్త!"

"పిలువు," అంది మణెమ్మ. "ఉమ్మడి గోడ కూలగొట్టనీకి అచ్చిన, మా వదిన ఆపిందని చెప్పు. నేను గూడ గదే చెప్త."

ఆడవాళ్లలో ఎవరో చప్పట్లు కొట్టారు. శ్యామ్ కారు వైపు చూస్తున్నాడు. పొద్దుగూకేదాకా ఈ తాడు నిలిస్తే, ఈలోగా ఊరంతా లైన్ ముందు కూర్చుంటుంది. రేపు కోర్టు తలుపులు తెరుస్తారు, గోడలు పడకముందే స్టే అడగొచ్చు. మణెమ్మ ఆలోచన అంత దూరం పోయింది. గెలిచాననే అనుకుంది. నెత్తి మీద బిందె ఉందన్న సంగతి అప్పుడు గుర్తొచ్చి, దించడానికి చేతులెత్తింది.

రఘునందన్ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఒక్క ముక్క ఏదో అన్నాడు. తర్వాత ఫోన్ జేబులో వేసుకుని వదిన వైపు తిరిగాడు. ఆ మొహంలో ఇందాకటి ఎరుపు లేదు.

"బయటి బండి లోపటికి రావద్దు. గంతేనా వదినా?"

"గంతే."

"బయటోడు రావద్దు."

"రావద్దు."

"మరి లోపటి బండి? లోపటోడు?"

ఆమెకు వెంటనే తట్టలేదు. వెనక నుంచి, లైన్ వైపు నుంచి, ఇంజను దగ్గి, ఆగి, మళ్లీ దగ్గి అందుకున్న చప్పుడు వినబడ్డాక తట్టింది. రాయి లేపిన జేసీబీ. ఊరంతా కలిసి బొట్టు పెట్టిన జేసీబీ. నిన్నటి నుంచి లోపలే ఉంది.

"దాని డ్రైవర్ పోయిండు గదా!" అంది అనంతమ్మ.

"ఇంకోడున్నడు." రఘునందన్ తాడు మీదికి వంగి, వదినకు మాత్రమే చెప్పాల్సిన మాట అన్నట్టు గొంతు తగ్గించాడు. "పొయ్యే లెక్క అంటివి గదా. వాడు నిన్న రాత్రి దాంక నీ పొయ్యి మీది అన్నమే తిన్నడు. సగమే తిన్నడట, అయినా తిన్నట్టే గదా వదినా?"

వాడెవడో మణెమ్మకు తెలిసిపోయింది. అక్షయ్ అదే బిల్డర్ దగ్గర కోహెడ సైటులో సూపర్‌వైజర్. తీరిక దొరికితే మిషన్ ఎక్కి లీవర్లు ఆడించేవాడు. ఆ వీడియోలు తెచ్చి తల్లికే చూపించి మురిసేవాడు, ఆమె కూడా మురిసింది. పెంకుల ఇంటికి దోస్తులను పిలవాలంటే నామోషీగా ఉందని వాడు గొణిగిన ప్రతిసారీ, చిన్నపిల్లవాడి మాటలే అని వదిలేసింది. ఆ మాటలను రఘునందన్ వదిలేయలేదు.

నడిచిందో పరుగెత్తిందో ఆమెకే తెలియదు. బిందెలోని నీళ్లు భుజాల మీద చిందుతున్నాయి. లైన్ వెనక ఖాళీ జాగాలో తాడుపత్రి నేల మీద కుప్పగా పడి ఉంది. బండి మూతి వీరరాఘవులు వంటింటి గోడకు తిరిగి ఉంది. బకెట్ నేలకు ఆనించి ఉంది, వాడిన బంతిపూల దండ ఇంకా దానికే వేలాడుతోంది. పైన సీట్లో అక్షయ్. రాత్రంతా నిద్ర లేనట్టు కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"అమ్మా, అడ్డం రాకు! లోపట ఎవ్వరు లేరు, నేను చూసిన. ఒక్క గోడ. గంతే. మనకు మంచి ఫ్లాట్ ఇస్తన్నరు, చిన్నాయన మాటిచ్చిండు."

"రాఘవులుకు ఏం మాటిచ్చిండు?"

"ఆయన మనకేమైతడు?"

"నాకు కాన్పు నొప్పులు అచ్చిన నాడు దోసెల పెనం దించి నన్ను దవాఖానకు తీస్కపోయిండు. నువ్ పుట్టినంక మల్ల పెనం ఎక్కించిండు. ఏమైతడో నువ్వే చెప్పు."

ఊరంతా వచ్చి జాగా చుట్టూ నిలబడింది. వీరరాఘవులు మాత్రం తాడు వదిలి రాలేదు. అటు వైపు నుంచి రఘునందన్ కేక వినబడింది. "ఆగకు అక్షయ్! లేపు!"

వాడి చేయి లీవర్ మీదికి పోవడం మణెమ్మ చూసింది. ఏడుద్దామంటే ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. కడుపులోంచి తన్నుకొచ్చిన కోపం, కొడుకు మీదా, మరిది మీదా, అక్షయ్ నామోషీని చూసి చూడనట్టు ఊరుకున్న తన మీదా. ఆమె చీర కుచ్చెళ్లు ఒక చేత్తో పైకి పట్టుకుంది. రెండో చేయి బిందె మీద. ఆ ఇనుప బకెట్‌లోకి కాలు పెట్టింది. రెండో కాలూ పెట్టింది. కొడుకు వైపు మొహం తిప్పి నిటారుగా నిలబడింది.

వసంతలక్ష్మి కెవ్వుమంది. "వదినగారూ, దిగండి! గోడ పోతే పోనివ్వండి!"

"నువ్ నోర్ముయ్ వసంతా. అక్షయ్, నువ్ లోపటోనివట. నేను గూడ లోపటిదాన్నే. లేపు బిడ్డా."

"అమ్మా, దిగు."

"గోడ తర్వాత. ముందుగాల నన్ను లేపు."

ఇంజను గుర్రుమంటోంది. వాడి కళ్లలో నీళ్లు నిండాయి, చేయి మాత్రం లీవర్ మీద నుంచి లేవలేదు. తాడు అవతల నుంచి చిన్నాయన మరోసారి అరిచాడు. అక్షయ్ ఉలిక్కిపడ్డాడు. బకెట్ ఒక్క కుదుపు కుదిపి, మణెమ్మతో సహా నేల విడిచి పైకి లేచింది.